వరద మాట విప్లవమైన వైనం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో రెండు బళ్ల చదువు కొత్త కాదు. పెద్దవాడు తెలుగు బడికి, చిన్నవాడు ఒడియా బడికి వెళ్లిన ఇళ్లు అక్కడ కనిపిస్తాయి. ఆ ఇంట్లో చరిత్ర పుస్తకాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, 1789లో పారిస్‌లో జరిగింది ఒకదానిలో ఫ్రెంచి విప్లవం, రెండోదానిలో ఫరాసీ బిప్లబ. వకారం బకారమైందే తప్ప మాట అదే. మహారాష్ట్ర అంచున సిరొంచలోనో ధర్మాబాద్‌లోనో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల మరాఠీ బడిలో అదే పాఠం చదివితే అది ఫ్రెంచ్ రాజ్యక్రాంతి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న తాతకు ఇంకిలాబ్.

సంఘటన ఒకటే. దాన్ని తెలుగు, ఒడియా భాషలు వరదగా చూశాయి, మరాఠీ ముందుకు వేసిన అడుగుగా చూసింది, ఉర్దూ బోర్లా తిరగేయడంగా చూసింది. మాట పుట్టినప్పటి బొమ్మ ఇప్పుడు ఎవరికీ కనిపించదు కాబట్టి ఇదంతా పండితుల కాలక్షేపం అనుకోవచ్చు. కానీ పెద్ద కుదుపు వచ్చినప్పుడు దానికి ఏ పేరు పెడతారన్నది, ఆ కుదుపు ఎవరి నెత్తిన పడింది, ఎవరి చేతికి అందింది అన్నదాన్ని బట్టే ఉంటుంది. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో గత రెండు వందల ఏళ్లలో వచ్చిపోయిన పేర్లను వరసగా చూస్తే ఆ సంగతి తేటగా తెలుస్తుంది.

విప్లవంలో ఉన్నది నీళ్లు. సంస్కృతంలో 'ప్లు' ధాతువుకు తేలడం, ఈదడం, గెంతడం అని అర్థాలు. ప్లవం అంటే తెప్ప. ప్లవంగం అంటే గెంతుతూ పోయేది, కోతి గానీ కప్ప గానీ. అరవై సంవత్సరాల పేర్లలో ప్లవ, ప్లవంగ రెండూ ఉన్నాయి. కరోనా రెండో విడత ఊళ్లను ఊపేసిన 2021 ఉగాదికి మొదలైంది ప్లవ నామ సంవత్సరమే. ప్లవ అంటే తెప్ప కాబట్టి గట్టెక్కిస్తుందని పంచాంగ శ్రవణాల్లో చెప్పిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. వ్యాకరణంలో హ్రస్వ దీర్ఘాల తర్వాత వచ్చే ప్లుతం కూడా ఈ ఇంటి బిడ్డే: దూరాన ఉన్నవాణ్ని పిలిచేటప్పుడు సాగదీసే అచ్చు.

ఇంతవరకూ అంతా కుశలమే. 'వి' వచ్చి చేరగానే తేలేది కాస్తా దారితప్పి కొట్టుకుపోతుంది. అమరకోశం 'డింబే డమర విప్లవౌ' అని మూడు మాటల్ని ఒకే గాటన కట్టింది. అల్లరి, దోపిడి, కల్లోలం, ఇదీ ఆ గాటకు అర్థం. మనుస్మృతిలో 'అవిప్లుత బ్రహ్మచర్యం' అంటే చెడని బ్రహ్మచర్యం. అంటే విప్లుతమైనది చెడినదే. అన్నిటికన్నా బాగా పట్టిచ్చేది అందరికీ తెలిసిన పాత శ్లోకం: 'ఉత్సవే వ్యసనే చైవ దుర్భిక్షే రాష్ట్రవిప్లవే, రాజద్వారే శ్మశానే చ యస్తిష్ఠతి స బాంధవః'. పండగకీ ఆపదకీ, కరువులో, రాష్ట్ర విప్లవంలో, రాజు గుమ్మం దగ్గర, చివరికి కాటి దగ్గర వెంట నిలిచినవాడే చుట్టమని భావం. ఇందులో విప్లవానికి దొరికిన చోటు చూడాలి. అటు కరువు, ఇటు కచేరీ గుమ్మం, కాస్త అవతల శ్మశానం. ఈ శ్లోకం కట్టినవాడికి రాష్ట్ర విప్లవం అంటే ఎగరేసే జెండా కాదు, పిల్లల్ని చంకనేసుకుని ఊరు వదిలి పారిపోయే రాత్రి. అప్పటి వాడుకంతా దెబ్బ తిన్నవాడి వైపు నుంచే ఉంది.

అదే మాటను 'వర్ధిల్లాలి' అని కోరుకునే రోజు 20వ శతాబ్దంలో వచ్చింది. 1921లో ఉర్దూ కవి హస్రత్ మొహానీ ఇచ్చిన 'ఇంకిలాబ్ జిందాబాద్' నినాదం భగత్ సింగ్ నోటి నుంచి దేశమంతా పాకింది. ఇంకిలాబ్‌లో వరద లేదు, తిరగేయడం ఉంది; పైనున్నది కిందికి, కిందున్నది పైకి. దాన్ని తెలుగు చేసేటప్పుడు 'విప్లవం వర్ధిల్లాలి' అన్నారు. శ్లోకం అర్థంతో చదివితే, ముంపు వర్ధిల్లాలి అన్నట్టుంటుంది. ఎవరికీ అలా వినపడలేదంటే, అప్పటికే మాట అవతలి ఒడ్డుకు చేరిపోయిందన్నమాట. బెంగాల్ రహస్య సంఘాల వాళ్లను విప్లవకారులన్నారు, 1917 నాటి రష్యా కథ వచ్చింది, మాట చెప్పేవాడు మారాడు. కొట్టుకుపోయేవాడు కాకుండా, కట్ట తెంచాలనుకున్నవాడు మాట్లాడటం మొదలుపెట్టాడు.

సరిహద్దు కొండల్లో ఆ రెండో అర్థం పుస్తకాల కంటే ముందు పాటగా దిగింది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ గిరిజన సభకు వెళ్తున్న గిరిజనులు కోరన్న, మంగన్న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు బలైపోయాక శ్రీకాకుళం పోరాటం రాజుకుంది. ఆ కొండలకు రాష్ట్రాల గీత అడ్డం రాలేదు. సవర, జాతాపు గిరిజనులు గీతకు రెండువైపులా ఉన్నారు. గుణుపురం ప్రాంతపు న్యాయవాది నాగభూషణ్ పట్నాయక్ ఇటువైపు కేసుల్లో ఇరుక్కుని 1970లో ఉరిశిక్ష విన్నాడు. తర్వాత అది యావజ్జీవంగా మారింది. ఉద్దానంలోని బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి ఇంటిపేరు ఒడియా, పాట తెలుగు. ఆయన జముకు వాయించుతూ చెప్పే జముకుల కథ పట్టుకుని ఊరూరా తిరిగాడు, 1969 డిసెంబర్‌లో పోలీసు తుపాకులకు చనిపోయాడు. 1970 జులై 4న హైదరాబాద్‌లో పుట్టిన రచయితల సంఘం తన పేరులోనే విప్లవాన్ని పెట్టుకుంది, శ్రీశ్రీ తొలి అధ్యక్షుడు. అక్కణ్నుంచి తెలుగులో 'విప్లవ' అనే ముందుమాటకు ఒకే రంగు అంటుకుపోయింది. విప్లవ సాహిత్యం అంటే ఏదో ఒక మార్పు కోరే సాహిత్యం అని ఎవరూ అనుకోరు, ఫలానా పాయ అని వెంటనే తెలిసిపోతుంది. ఒడియాలో ఆ మాట అంతగా ఇరుకు కాలేదు. అక్కడ బిప్లబి అంటే స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లిన మనిషి కూడా.

ఒక చిత్రం. ఇంత జరిగినా ఆ కొండల దిగువ ఊళ్లలో పెద్దవాళ్లు ఆ రోజుల్ని విప్లవం అని చెప్పుకోరు. 'నక్సలైట్ల గొడవలప్పుడు' అంటారు. మా పెద్దబ్బాయి నక్సలైట్ల గొడవలప్పుడు పుట్టాడు, ఆ గొడవలప్పుడే ఈ బావి తవ్వారు. చదువుకున్నవాడి మాట ఒకటి, దాన్ని కళ్లతో చూసినవాడి మాట ఒకటి. గొడవ అన్నంత మాత్రాన వాళ్లు దాన్ని చిన్నది చేస్తున్నారనీ కాదు. ఎవరి పక్షమూ వహించనక్కర్లేని మాట అది.

ఇక పితూరీ కథ. ఈ మాటకు దక్కాల్సినంత శ్రద్ధ దక్కలేదు. ఇవాళ తెలుగులో పితూరీ అంటే ఏమిటని అడిగితే, ఒకరి మీద ఇంకొకరికి చాటుగా చెప్పే చాడీ అంటారు. ఆఫీసులో పక్క సీటువాడి మీద మేనేజర్‌కు పితూరీ చెప్పడం, అత్తగారికి తోడికోడలి మీద పితూరీలు మొయ్యడం. కానీ నూట నలభై ఏళ్ల కిందట, తూర్పు కనుమల్లో ఈ మాట వింటే కలెక్టర్లకు నిద్ర పట్టేది కాదు. ఉర్దూ ద్వారా వచ్చిన ఫితూర్ అంటే చెడగొట్టుడు, కలహం, అలజడి. సర్కారు దాన్ని కొండ జనం తిరుగుబాట్లకు పేరుగా వాడుకుంది. మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో రాసిన నివేదికల్లో కూడా ఫితూరీ అనే రాసేవారు, దానికి సాటి వచ్చే మాట తమ భాషలో దొరకనట్టు.

1879 మార్చిలో గోదావరి జిల్లా మన్యంలోని రంపలో మొదలైన పితూరీకి కారణాలు కల్లు కుండలో ఉన్నాయి. రంప మన్సబుదారు, అంటే అక్కడి జమీందారు, తన కింది కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదారులను పీడించి, కల్లు గీసుకున్నందుకు చిగురు పన్ను వేశాడు. దాని మీద ప్రభుత్వం కొత్త ఆబ్కారీ చట్టం తెచ్చి, ఇంట్లో వాడుకునే కల్లు గీతను కూడా కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. కొండ మనిషికి కల్లు పండగ సరుకు కాదు. ఎండాకాలం తిండి గింజలు అడుగంటినప్పుడు అదే కడుపు నింపేది. ఆ మంట అటు భద్రాచలం వైపు, ఇటు విశాఖ జిల్లా గొలుగొండ కొండల్లోకి, 1880కి ఇప్పటి మల్కన్‌గిరి అడవుల్లోకి పాకింది. అక్కడ దాన్ని నడిపినవాడు కోరుకొండ తమ్మన్న దొర. మల్కన్‌గిరికి కొంతకాలం తానే దొరనని చాటుకుని, ఆ ఏడే పోలీసుల చేతిలో చనిపోయాడు. అప్పట్లో ఆ ప్రాంతం జయపురం జమీందారీ కింద విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందుకే మల్కన్‌గిరి కథకు ఒడియా పేరు కాకుండా తెలుగు కచేరీలో తిరిగే ఉర్దూ పేరు పడింది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డప్పుడు కూడా రికార్డుల్లో మాట ఫితూరీయే. కృష్ణదేవిపేట 23న, రాజవొమ్మంగి 24న. ఇదంతా ఊహించని మెరుపు దాడి అనుకుంటాం గానీ, మిరపకాయ టపా కథ జనంలో ఇంకా ఉంది. ఫలానా చోటికి వస్తున్నామని చీటీ రాసి, మిరపకాయలు కట్టి, బాణానికి గుచ్చి పంపేవాళ్లట. సర్కారు దృష్టిలో కుట్ర అయినది, చేసినవాళ్ల దృష్టిలో కబురు పెట్టి మరీ చేసిన పోరు. పితూరీ అన్న మాటలో ఆ రెండో సంగతికి చోటు లేదు. చాటుమాటు అన్న వాసన దానికి మొదటి నుంచీ ఉంది. రాజు మీద చాటుగా చేసేది పితూరీ; రాజులు పోయి, తుపాకులు పోయి, చాటు ఒక్కటే మిగిలాక అది చాడీ అయింది. అర్థం ఎక్కడికో గెంతలేదు, కుంచించుకుపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక పాఠ్య పుస్తకాలు రంప పితూరీని రంప తిరుగుబాటు చేశాయి, సభల్లో అది మన్యం విప్లవం అయింది, అల్లూరి విప్లవ వీరుడయ్యాడు. గౌరవం పెరిగింది, సందేహం లేదు. కానీ తమ్మన్న దొర ఆ మెట్లు ఎక్కలేదు. ఆయన ఇంకా పితూరీ దగ్గరే ఉండిపోయాడు, ఆయన నేల ఒడిశాకు వెళ్లిపోయింది, ఆయన పేరు రాసిన కాగితాలు మద్రాసులో. మాటకు గౌరవం రావాలంటే దాన్ని వాడే రాష్ట్రం ఒకటి వెనక ఉండాలి కాబోలు.

ఇదే ఫితూర్ మహారాష్ట్ర వైపు ఇంకో దారి పట్టింది. మరాఠీలో ఫితూర్ అంటే శత్రువు వైపు తిరిగిపోయినవాడు, ద్రోహి. కోర్టులో సాక్షి మాట మార్చేస్తే 'సాక్షీదార్ ఫితూర్ ఝాలా' అని పత్రికలు రాస్తాయి. తెలుగు పత్రిక అదే వార్తకు 'సాక్షి అడ్డం తిరిగాడు' అంటుంది. హిందీలో ఫితూర్ అంటే తలకెక్కిన పిచ్చి. దేగ్లూరు, ధర్మాబాద్ దగ్గర ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, సినిమాలో హిందీ వినే మనిషికి ఈ ఒక్క మాట రోజులో మూడు రకాలుగా చెవిన పడుతుంది: చాడీ, ద్రోహం, పిచ్చి. మూడింటిలో ఏదీ మెచ్చుకోలు కాదు. అలజడికి పై నుంచి పెట్టిన పేరు ఎక్కడికి వెళ్లినా మురికి అంటించుకునే తిరుగుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

కింది నుంచి పెట్టిన పేర్లు ఎలా ఉంటాయో ఒడియాలో ఉన్న మేళి చెబుతుంది. ఉత్తర ఒడిశాలోని కెంఝర్ సంస్థానంలో 1867-68లో రత్నా నాయక్, 1891లో ధరణీధర్ నడిపిన భూయాన్ గిరిజనుల తిరుగుబాట్లు మేళి పేరుతోనే ఒడియావాళ్లకు తెలుసు. మేళి అంటే కలవడం, కూడటం. మన మేళం, మేళా ఆ తోవవే. రాజును పడగొట్టడం గురించి ఆ మాట ఏమీ అనదు, జనం ఒకచోట చేరారు అంటుంది, అంతే. తిరుగుబాటు ఎలా మొదలవుతుందో సరిగ్గా చెప్పిన మాట ఇదొక్కటే అనిపిస్తుంది. తెలుగులో దీనికి సాటి మాట లేకపోవడం లోటే. ఉన్న తిరుగుబాటు మంచి మాటే, అచ్చ తెలుగు, ఎటు నడిచేవాడు ఎటు తిరిగాడో కళ్లకు కట్టిస్తుంది. కానీ ఒక్కడు కూడా తిరగబడవచ్చు. మేళికి పదిమంది కావాలి.

బ్రిటిష్ వాళ్లు కొన్నిసార్లు పితూరీ అనకుండా యుద్ధమే అన్నారు. గంజాం కొండల్లో 1835 నుంచి 1837 వరకు కోంధు గిరిజనులతో జరిగిన దాన్ని గుంసూరు యుద్ధం అని రాసుకున్నారు. సైన్యం దిగితే యుద్ధం, పోలీసులతో సరిపోతే పితూరీ అన్నట్టుంది లెక్క. చచ్చేవాడికి తేడా తెలియదు.

మహారాష్ట్ర అంచు సంగతి ఇంకొంచెం. అక్కడి తెలుగువాళ్లకు క్రాంతి అన్న మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా వినిపిస్తుంది. తెలుగు చెవికి క్రాంతి అనగానే సంక్రాంతి, ముగ్గులు, సూర్యుడు మకరంలోకి అడుగుపెట్టడం. మరాఠీ చెవికి 1942 ఆగస్టు క్రాంతి. రెండింటిలోనూ ఉన్నది అడుగే, దాటడమే. కాకపోతే ఒకటి ఏటా చెప్పిన తేదీకి వస్తుంది, రెండోది చెప్పకుండా వస్తుంది. పోరాటాలకు మరాఠీలో ఉఠావ్ కూడా ఉంది, లేవడం అని. 1858లో చాందాలో (ఇప్పటి చంద్రపూర్) ఉరికంబం ఎక్కిన గోండు వీరుడు బాబూరావు శెడ్మాకేది ఉఠావ్. ఇక 1948 సెప్టెంబర్ 17 దగ్గరికొస్తే అసలు పేచీ అంతా పేరు మీదే. ఆ రోజు హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్ చేతిలోకి వచ్చింది. నాందేడ్‌తో సహా మరాఠ్వాడా దాన్ని ముక్తి సంగ్రామ దినంగా జరుపుకుంటుంది, గొడవ లేదు. గోదావరి, మంజీర ఇవతల అదే రోజును విలీనం అనాలా, విమోచన అనాలా, సమైక్యత అనాలా అని పార్టీలు ఇప్పటికీ కుస్తీ పడుతున్నాయి. సైన్యం పంపినవాళ్లేమో దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. ఐదు రోజుల్లో ఒక సంస్థానాన్ని పడగొట్టిన దానికి ఇంత మెత్తని పేరు ఇంకోటి దొరకదు. పల్లెల్లో ముసలివాళ్లను కదిపితే ఈ నాలుగింటిలో ఏదీ రాదు. 'రజాకార్ల కాలంల' అని మొదలుపెడతారు.

పేరే లేని కుదుపు కూడా ఒకటుంది. అది 1936 ఏప్రిల్ 1. భాష ప్రాతిపదికన దేశంలో ఏర్పడ్డ తొలి రాష్ట్రంగా ఒడిశా ఆ రోజు పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాంలో పెద్ద భాగం, జయపురం జమీందారీ మొత్తం అటు చేరాయి. ఓడొనెల్ అధ్యక్షతన 1931లో వేసిన కమిటీ హద్దులు గీసింది, దాని మీద బేరసారాలు, విన్నపాలు నడిచాయి, చివరికి పర్లాకిమిడి పట్నం అవతల, ఆ జమీందారీలో కొంత ఇవతల పడ్డాయి. ఒడియావాళ్లకు అది ఉత్కళ దిబస, ముక్కలుగా పడి ఉన్న జాతి ఒక్కటైన రోజు. వాళ్ల సంతోషం న్యాయమైనదే. అక్కడి తెలుగువాడికి మాత్రం కోర్టు భాష, బడి భాష, దరఖాస్తు భాష, జిల్లా కేంద్రం అన్నీ మెల్లమెల్లగా చేజారిపోయాయి. పర్లాకిమిడి రాజా కాలేజీలో పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసి, వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిని ఒడిశాలో కలపగానే అన్నేళ్ల ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. 1940లో కన్నుమూశాడు. దీన్ని విప్లవం అనలేం, ఎవరూ తిరగబడలేదు. ఉపద్రవం అనలేం, ఎవరూ చనిపోలేదు. 'ఒడిశాలో కలిసిపోయాం' అని మాత్రం అంటారు, నీళ్లలో ఉప్పు కలిసిన ధోరణిలో. చప్పుడు చేసే మార్పులకే మన దగ్గర మాటలున్నాయి. గెజిట్ మీద సంతకంతో వచ్చే తలకిందులకు తెలుగులోనే కాదు, చుట్టుపక్కల ఏ భాషలోనూ సరైన పేరు కనిపించదు.

అలాంటప్పుడు జనం గందరగోళం అనే మాటతో సరిపెట్టుకుంటారు. సరిహద్దులో ఇది కూడా జాగ్రత్తగా వాడాల్సిన మాటే. తెలుగు గందరగోళం అయోమయం వరకే వెళ్తుంది; రేషన్ కార్డులో పేరు ఒడియాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పడితే అది గందరగోళం. దానికి దగ్గరి చుట్టమైన ఒడియా గండగోళ అంటే మాత్రం కొట్లాట, గలాటా. బస్టాండ్‌లో గండగోళ జరిగిందని ఒడియావాడు అన్నాడంటే, బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తెలియలేదని అర్థం కాదు, తలలు పగిలాయని అర్థం.

విప్లవం తన పాత అర్థాన్ని వదిలేశాక నిజమైన వరదకు ఏం మిగిలింది? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టి, వానంతా గజపతి, రాయగడ కొండల మీద కుమ్మరించింది. గజపతి జిల్లా బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి జనం చచ్చిపోయారు. వంశధార, మహేంద్రతనయ ఒడ్డు దాటాయి. పత్రికలకు అది ప్రకృతి విపత్తు, కలెక్టరేట్‌కు నష్టం అంచనా, టీవీకి జలప్రళయం. ఊళ్లో మాట వేరు. 'గెడ్డ పొంగీసి ఊడ్చీసింది', 'రాత్రికి రాత్రి ఏరొచ్చీసింది', 'తోటలన్నీ ఏకమైపోనాయి'. ఏరు ఎప్పుడూ ఉండేదే కదా, రావడమేమిటని బయటివాడికి అనిపించవచ్చు. ఉత్తరాంధ్రలో ఏరు వచ్చింది అంటే వరద వచ్చిందనే. గెడ్డ అంటే కొండవాగు, ఎండాకాలం పిల్లలు మోకాలు తడవకుండా దాటేసేది. ఏకమైపోవడం మామూలుగా మంచి మాట. ఇక్కడ గట్లు, దారులు, తోటలు, ఇళ్లు తేడా తెలియకుండా నీటి కింద ఒక్కటైపోయాయని. విప్లవానికి పాత నిఘంటువులు చెప్పిన అర్థం ఇదే. ఆ అర్థం సంస్కృత పదాన్ని విడిచిపెట్టి ఈ నాటు మాటల్లో బతుకుతోంది.

తెలియకుండా పాత అర్థం తిరిగొచ్చిన చోటు ఒకటుంది, నవ్వు తెప్పిస్తుంది. 1970లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి బోర్డు మొదలుపెట్టిన పథకం పేరు ఆపరేషన్ ఫ్లడ్, పాల వరద. తెలుగులో అది క్షీర విప్లవం అయింది. తెలుగు చేసినవాళ్ల మనసులో ఉన్నది ఎర్రజెండా విప్లవమే అయినా, ధాతువు లెక్కన అది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పక్కన హరిత విప్లవానికి ఆ అదృష్టం లేదు. గోధుమ, వరి చేలు ముంపుకు గురయ్యాయని పాత పండితుడెవరైనా కంగారుపడవచ్చు. మరాఠీ దాన్ని హరిత్ క్రాంతి అని అడుగుతో సరిపెట్టుకుంది, ఒడియా సబుజ బిప్లబ అని మనతో పాటే నీళ్లలో దిగింది.

ఆ తర్వాత వాడుక పలచబడిపోయింది. నీలి విప్లవం, డిజిటల్ విప్లవం, బ్యాంకింగ్ రంగంలో విప్లవాత్మక మార్పులు, కొత్త రకం వాషింగ్ పౌడర్‌తో ఉతుకులో విప్లవం. పలచబడినందుకు బాధపడనక్కర్లేదు, అందరూ ముట్టుకునే మాటకు ఆ గతి తప్పదు. రాసేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకుంటే మంచిది. 'విప్లవాత్మక' అని రాసిన చోట 'పెద్ద' అని పెట్టి చూడాలి. వాక్యానికి ఏ లోటూ రాకపోతే పెద్ద అనే రాయొచ్చు. ఏదైనా తలకిందులై, పాత పద్ధతికి తిరిగి వెళ్లలేని స్థితి వచ్చినప్పుడే విప్లవానికి పని. 2018లో చిత్రకొండ దగ్గర గురుప్రియ వంతెన తెరిచారు. బలిమెల జలాశయం నీటి అవతల దశాబ్దాల పాటు పడవ తప్ప గతి లేకుండా ఉన్న మల్కన్‌గిరి ఊళ్లకు దారి వచ్చింది. దానికి వాడితే ఎవరూ అభ్యంతరం చెప్పరు, అక్కడి జనం మాత్రం 'బ్రిడ్జి పడ్డాక' అనే అంటారు.

పత్రికలకు ఇంకో చిక్కుంది. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినా, సిపాయిలు అధికారుల మీద తిరగబడినా, జనం వీధుల్లోకి వచ్చి ప్రధానిని పారిపోయేలా చేసినా తెలుగులో అన్నింటికీ తిరుగుబాటే. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా వదిలి వెళ్లిన రోజు తెలుగు శీర్షికల్లో ఇదే మాట తిరిగింది. బెంగాలీ వాళ్లు గణ అభ్యుత్థానం అన్నారు, జనం పైకి లేవడం. తెలుగువాడికి అభ్యుత్థానం అనగానే భగవద్గీతలోని 'అభ్యుత్థానమధర్మస్య' గుర్తొస్తుంది, అక్కడ పైకి లేచేది అధర్మం. అందుకే అది మనకు అతకదు. సైన్యం చేసిన దాన్ని సైనిక కుట్ర అనీ, బ్యారక్‌లో జరిగిన దాన్ని సిపాయిల తిరుగుబాటు అనీ, జనం చేసిన దాన్ని ప్రజా తిరుగుబాటు అనీ విడగొట్టి రాస్తే సగం గందరగోళం తీరుతుంది. కుట్ర అన్నందుకు ఒక పక్షానికి కోపం వస్తుందనుకుంటే, సైన్యం గద్దె లాక్కుందని మామూలు మాటల్లో చెప్పినా పోయేదేమీ లేదు.

తిరుగుబాటు ఎక్కువగా అచ్చయ్యేది మాత్రం విదేశీ వార్తల్లో కాదు, ఎన్నికల పేజీలో. పార్టీ టికెట్ రానివాడు సొంతంగా నామినేషన్ వేస్తే తెలుగులో తిరుగుబాటు అభ్యర్థి, ఒడియాలో బిద్రోహీ ప్రార్థీ, మరాఠీలో బండ్‌ఖోర్ ఉమేద్వార్. 1817లో ఒడిశాలో ఖుర్దా రాజుల పాత సైనికులైన పాయిక్‌లు లేచినదాన్ని ఒడియావాళ్లు బిద్రోహ అనే అంటారు, 1857 సిపాయిల పోరును పాత మరాఠీ పుస్తకాలు బండ్ అనే రాశాయి. సరిహద్దుకు ఏ వైపునైనా ఈ మూడు మాటలకూ ఇప్పుడు ఒకటే పని, బి-ఫారం దక్కని నాయకుడికి బిరుదు కావడం. ఉపసంహరణ గడువు రోజు మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఆ తిరుగుబాట్లు చాలావరకు చల్లారిపోతాయి.